నాలుగు సీసాల మంచం

ఆ వార్డులో నా పేరుతో ఎవరికీ పని పడలేదు. గుమ్మం దగ్గర మంచం మీద ఉన్నావిడ రెండు సీసాలావిడ. గోడవార ముసలావిడ ఒక్క సీసా ఆవిడ. కిటికీ పక్కన నేను నాలుగు సీసాలావిడని. దుప్పట్లు మార్చే ఆయా దగ్గర్నుంచి సూదిమందు వేసే సిస్టరు దాకా అందరూ అలాగే పిలిచేవాళ్లు. ఆపరేషన్‌కి ముందు మా తాలూకు మనుషులు ఎన్ని సీసాల రక్తం ఇచ్చి ఫ్రిజ్‌లో పెట్టించాలో అదే మా గుర్తు. సీసాలు చేరితే ఆపరేషన్, చేరకపోతే మంచం.

డెబ్భైల చివరి మాట ఇది. నాకు అప్పటికింకా ముప్పై దాటలేదు. గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు. నెలకి నాలుగు రోజులు ఉండాల్సింది పది రోజులై, ఆ పది రోజులూ నెల పొడుగునా సాగి, ఒంట్లో ఉన్న రక్తం కాస్తా పోయి సున్నం కొట్టిన గోడలా తయారయ్యాను. మావారు విజయవాడ వన్ టౌన్‌లో ఒక బట్టల గోడౌన్‌లో గుమాస్తా. ఒకరోజు పొయ్యి ముందు నుంచి లేవబోయి పడిపోతే రిక్షాలో వేసుకుని ఆస్పత్రికి తీసుకొచ్చారు. ఆరేళ్ల మా అమ్మాయిని కంకిపాడు అవతల అత్తగారి ఊళ్లో తోడికోడలి దగ్గర వదిలేసి, అత్తయ్య నాకు సాయం వచ్చి మంచం పక్కన చాప పరుచుకుంది. వారంలో ఇంటికెళ్లిపోతామనే అందరం అనుకున్నాం. ఆ లెక్కన పిల్లకి రెండు గౌన్లు మాత్రమే సర్ది పంపమన్నాను.

గర్భసంచి తీసెయ్యాలంది డాక్టరమ్మ. నాలుగు సీసాలు ఫ్రిజ్‌లోకి వచ్చాకే తేదీ చెప్తానంది. ఆవిడ పట్టుదలకి కారణం ఉందని తర్వాత తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకామె బల్ల మీద ఉండగా రక్తం చాల్లేదట. ఆ రోజు నుంచి ఏ ఆపరేషన్ అయినా సరే, తను అనుకున్నన్ని సీసాలు కంటికి కనపడితేనే చేతికి గ్లవుజులు తొడిగేదట. నేను ఈ రోజు బతికి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ చేతుల వల్లే. ఆవిడ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్న పల్లెలు తిరిగి వాక్యం చెప్పే ఉపదేశి. కాలవ దాటి బడికి పంపడానికి అమ్మ ఒప్పుకోకపోతే, ఇంట్లోనే ప్రార్థన పుస్తకం ముందు పెట్టి అక్షరాలు దిద్దించాడు. చదువుతో పాటు ఇంకొక అలవాటు కూడా చేశాడు. రాత్రి కళ్లు మూసుకునే ముందు, ఆ రోజు మనకి జరిగిన మేళ్లని ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పుకుని దేవుడికి వందనాలు చెప్పాలి. ఊరికే అన్నిటికీ కలిపి ఒక దండం పెట్టేస్తే నాన్న ఒప్పుకునేవాడు కాదు. మంచినీళ్లు ఇచ్చినవాళ్లుంటే మంచినీళ్లు అనాలి. దారి ఇచ్చినవాళ్లుంటే దారి అనాలి. ఆస్పత్రిలోనూ ఆ అలవాటు మానలేదు. మొదట్లో చెప్పుకోవడానికి చాలానే ఉండేవి. కిటికీ పక్కన మంచం దొరికింది. కిటికీకి ఇనప జల్లెడ బిగించి ఉన్నా, అందులోంచి కాలవ కనిపించేది. అవతలి గట్టు మీద ఆడవాళ్లు బట్టలు ఉతుక్కుని, పిండుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని ఇళ్లకి పోయేవాళ్లు. వాళ్లు అలా లేచి నడిచిపోతుంటే చూస్తూ పడుకునేదాన్ని. నేను లేచి నిలబడితే కళ్లు తిరిగేవి.

మా సంఘానిది వన్ టౌన్ సందుల్లో ఒక చిన్న గుడి. గోడౌన్లలో మూటలు మోసేవాళ్లు, నర్సులు, మాలాంటి గుమాస్తాల కుటుంబాలు. పొలాలున్నవాళ్లు కొందరు కంకిపాడు వైపు నుంచి వస్తారు. కోతలు మొదలయ్యాక ఒక ఆదివారం కోతల పండుగ చేస్తాం. ఆ రోజు పొలంలో కోసిన మొదటి పనని, అంటే వరికట్టని, తీసుకొస్తారు. పొలం లేనివాళ్లు కోడినో, గుమ్మడికాయనో, గంప నిండా చిక్కుళ్లనో తెస్తారు. అన్నీ ప్రభు బల్ల ముందు పెట్టి ప్రార్థన చేశాక బయట వేలం వేస్తారు. ఎవరి కోడిని వాళ్లే రెట్టింపు పాడి తిరిగి ఇంటికి తీసుకెళ్లడం కూడా అందులో ఒక సరదా.

ఆ ఏడు పండక్కి ముందు మా పాస్టరుగారు లేచి నా సంగతి చెప్పారట. మన సంఘంలో ఒక చెల్లెలు మంచాన ఉంది, ఈ ఏడు మొదటి పంటగా మన ఒంట్లోంచే కొంచెం ఇద్దాం అన్నారట. ఇందులో ఆయన తప్పేమీ లేదు. అంత మంచి మాట ఇంకెవరికీ తట్టదు కూడా.

ఆ ఆదివారం పదకొండు గంటలప్పుడు కాలవ గట్టు మీద డప్పు వినిపించింది. ఊరేగింపేదో వెళ్తోందనుకున్నాను. పాట దగ్గరికొచ్చాక గుర్తుపట్టాను, మా గుడిలో కానుకలు పట్టేటప్పుడు పాడేది. మగవాళ్లందరూ ఇస్త్రీ చొక్కాలతో, జేబుల్లో వరికంకులు పెట్టుకుని, నా కిటికీ కింద నుంచే ఆస్పత్రి లోపలికి వచ్చారు. నేను జల్లెడ పట్టుకుని నిలబడబోతే అత్తయ్య భుజాలు పట్టి కూర్చోబెట్టి, గబగబా గేటు వైపు వెళ్లింది.

రక్తం గదిలో అప్పుడు ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు. గుంటూరులో చదివి, మద్రాసులో రెండేళ్లు పనిచేసి వచ్చినవాడు. ఆ గుంపుని చూసి బిత్తరపోయాడట. గ్రూపు కలిసినవాళ్లలో ఇవాళ ఇద్దరు చాలండీ, మిగతావాళ్లు నేను కబురు పెట్టినప్పుడు ఒక్కొక్కరే రండి, అని బతిమాలుకున్నాడట. ఎవరూ ఒప్పుకోలేదు. కానుక ఇవ్వడానికి వచ్చినవాళ్లని వెనక్కి పొమ్మంటే ఎవరు పోతారు. పక్కింటివాడు ఇచ్చి నేను ఇవ్వకుండా పోతే ఇవాళ వేలంపాట దగ్గర నా మొహం ఎక్కడ పెట్టుకోను అని ఒకాయన తగువు కూడా వేసుకున్నాడట. కలిసినవాళ్లందరూ వరసన పడుకుని ఇచ్చారు. తలా ఒక ఉడకబెట్టిన గుడ్డు తిని, గ్లాసుడు పాలు తాగి, మళ్లీ డప్పు కొట్టుకుంటూ కోళ్ల వేలానికి వెళ్లిపోయారు.

ఆడవాళ్లెవరూ రాలేదు. వాళ్లందరూ గుడి వెనకాల పండగ భోజనాలకి పులుసు కలుపుతూ ఉన్నారు. వాళ్లని ఎవరూ అడగను కూడా లేదు. మగవాళ్లలో రానిది ఒక్కరే, మావారు. ఆయన కూడా ఆస్పత్రి గేటు దాకా వచ్చారు. అక్కడ అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఎందుకని నేను అప్పుడు అడగలేదు.

ఆ రాత్రి ఒక్కొక్కరి పేరూ తలుచుకుని వందనాలు చెప్పేసరికి చాలాసేపు పట్టింది. ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం నాదేనని సిస్టరు నవ్వుతూ చెప్పింది.

మర్నాడు వణుకుతో జ్వరం మొదలైంది. మలేరియా. జ్వరం ఉండగా ఆపరేషన్ చెయ్యనంది డాక్టరమ్మ. జ్వరం తగ్గింది, మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది. తగ్గాక నీరసం. లివర్ ఇంజెక్షన్లు పొడిచారు, నల్లటి టానిక్కు పోశారు, రక్తం ఆగడానికి బిళ్లలు మింగించారు. ఈలోగా ఫ్రిజ్‌లో ఉన్నదాంట్లోంచి నాకు రెండు సీసాలు ఎక్కిస్తే తొందరగా కోలుకుంటానని కుర్ర డాక్టరు అడిగాడట. అవి ఆపరేషన్‌కి దాచినవి, ముట్టుకోవద్దంది డాక్టరమ్మ.

ఒకరోజు మధ్యాహ్నం కుర్ర డాక్టరు వచ్చి నా మంచం దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎప్పుడూ హడావిడిగా పోయే మనిషి అలా కూర్చోవడం ఎన్నడూ చూడలేదు. నాకేదో అయిందని చెప్పడానికి వచ్చాడనుకున్నాను.

“రక్తం వడ్లలాగా కాదండీ, పాతరేసి ఉంచడానికి,” అన్నాడు. “సీసాలో దానికి మూడు వారాలే ఆయుష్షు. రోడ్డు మీద దెబ్బలు తగిలి వచ్చినవాళ్లకి కొన్ని వాడాం. మిగతావి నిన్న పారబోశాం. మీకు తెలియాలి కదా అని చెప్తున్నాను.”

ఇచ్చినవాళ్లు మళ్లీ మూడు నెలల దాకా ఇవ్వడానికి లేదని కూడా చెప్పాడు. అందరూ ఒకే రోజు ఇచ్చేశారు కాబట్టి అందరికీ ఒకేసారి తలుపు మూసుకుపోయింది. తేదీ లేదు. ఇంటికి పోదామంటే పంపరు, దార్లో మళ్లీ రక్తం పోవడం మొదలైతే ప్రాణానికి ముప్పు. ఉందామంటే దేనికోసం ఉండాలో తెలియదు. నా మీద అంత ప్రేమ కురిపించి, ఆ ప్రేమే నన్ను మంచానికి కట్టి పడేసినట్టయింది. అందులో తప్పుపట్టడానికి మనిషంటూ ఎవరూ లేరు.

పాస్టరుగారికి చెప్తే ఆయన మొహం వాడిపోయింది. ఈ సంగతి బయటికి పొక్కితే ఇంకెప్పుడూ ఎవరూ చెయ్యి చాపరమ్మా, మన మధ్యే ఉండనియ్ అన్నారు. సరేనన్నాను.

అసలు బాధ అక్కణ్నుంచి మొదలైంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు చూడ్డానికి వచ్చేవాళ్లు. కమలాపళ్లు తెచ్చేవాళ్లు. మంచం పక్కన నిలబడి, నా మొహంలోకి చూసి, కాస్త ఎరుపు వచ్చిందమ్మా అని తృప్తిపడేవాళ్లు. ఎర్రబడటం తమ చలవేనని వాళ్ల నమ్మకం. మీ మేలు మరిచిపోను అనేదాన్ని. అది నిజమే. కాని వాళ్లు వింటున్నది ఒకటి, నేను అంటున్నది ఒకటి. అలా అని పంపించాక రాత్రి కళ్లు మూసుకుంటే వందనాలు గొంతు దాటేవి కావు. ఒక రాత్రి ఏమీ దొరక్క, కాలవలో పడవ మీద ఎవరో లాంతరు వెలిగించారు, దానికి వందనాలు అని పడుకున్నాను.

అందరికంటే ఎక్కువగా వచ్చింది మా గుడిలో డప్పు కొట్టే పెద్దాయన. వన్ టౌన్ గోడౌన్లలో ముఠా కూలీ. బస్తాలు మోసి మోసి మెడ ఒక పక్కకి ఒరిగిపోయి ఉండేది. వచ్చిన ప్రతిసారీ అదే మాట అడిగేవాడు.

“నా సీసా ఎక్కించారా అమ్మాయ్?”

ఇంకా లేదు బాబాయ్ అనేదాన్ని. నా సీసా ఎక్కిన్నాడు నువ్వు లేచి బస్తాలు మోస్తావ్ చూడు అనేవాడు. మూడోసారి అడిగినప్పుడు మాత్రం నోటికి ఇంకో మాట రాలేదు. పాడైపోతే పారబోశారంట బాబాయ్ అనేశాను. అనేశాక పాస్టరుగారి మాట గుర్తొచ్చింది.

 ఆయన భుజం మీద తువ్వాలు తీసి, దులిపి, మళ్లీ వేసుకున్నాడు.

“అయితే ఆ గుడ్డూ పాలూ నాకు ఊరికే పెట్టారన్నమాట,” అన్నాడు. “తిరిగి ఇచ్చెయ్యమంటారేమోలే.”

నవ్వే అన్నాడు. కాని కమలాపళ్లు నా చేతికివ్వకుండా స్టూలు మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ మాట సందుల్లో పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. తర్వాతి ఆదివారం గుడిలో పెద్ద రభసే జరిగిందట. కానుకని పారబోస్తారా అని కొందరు, డాక్టర్లు అమ్ముకుని ఉంటారని కొందరు. ఆ గొడవలో ఎవరో అన్నారట, అందరం ఇచ్చాం, పోయింది సరే, ఇవ్వనివాడు ఒకడున్నాడుగా, సొంత మొగుడు, వాడి రక్తం ఇంకా వాడి ఒంట్లోనే ఉంది కదా, అని. గుడంతా మావారి వైపు తిరిగింది. ఆయన ఆ సాయంత్రం వచ్చి మంచం చివర కూర్చుని నా పాదాలు పట్టుకున్నారు. నాదీ నీదీ ఒకటే గ్రూపు, మొదటి రోజే చూశారు, అన్నారు.

అదే వారం కుర్ర డాక్టరు చంకలో ఒక కాగితాల దొంతర పెట్టుకుని వార్డులోకి వచ్చాడు. చాప అంత వెడల్పు, రెండు అంచులా వరసగా బెజ్జాలు, విప్పితే మడతలు మడతలుగా కింద దాకా జారింది. వార్డు వార్డంతా పథ్యం తినడం ఆపి చూసింది. హైదరాబాదులో ఆయన స్నేహితుడొకడు కంప్యూటర్ దగ్గర పనిచేస్తాడట. వెనకటి సంవత్సరాల్లో ఈ ఆస్పత్రిలో అయిన ఆపరేషన్లన్నీ ఈయన కూర్చుని రాసి పంపితే, అక్కడ వాటిని అట్టముక్కల మీద బెజ్జాలుగా కొట్టి ఆ యంత్రానికి పెట్టారట. ఎవరికి ఏ ఆపరేషన్, వయసెంత, ఒంట్లో రక్తం ఎంత, ఎన్ని సీసాలు పక్కన పెట్టారు, తీరా ఎన్ని ఎక్కించారు. అవన్నీ చూసి, రేపు వచ్చే మనిషికి ఎన్ని కావాలో ఆ యంత్రం ముందుగానే అంచనా కడుతుందట.

నాలాంటి ఆపరేషన్‌కి ఏం చెప్పిందని అడిగాను.

“పక్కన పెట్టినవి ఎప్పుడూ నాలుగేనండీ. ఎక్కించింది మాత్రం చాలామందికి ఒక్కటే. కొందరికి అదీ లేదు. రెండు దాటింది ఎక్కడో ఒకరికి.”

అంటే నేను మూడు సీసాల కోసం ఊరికే పడుకుని ఉన్నానన్నమాట. ఆ మాట విన్నప్పుడు సంతోషం కలగలేదు. కిటికీకి బిగించిన జల్లెడని అప్పుడే కొత్తగా చూసినట్టు చూశాను.

డాక్టరమ్మ ఆ కాగితాన్ని కళ్లద్దాలు పెట్టుకుని ఓపికగానే చూసిందట. ఆ ఎక్కడో ఒకరు ఈవిడే అయితే మీ యంత్రం వచ్చి రక్తం ఇస్తుందా అని అడిగిందట. ఈ పిల్లాడు దానికీ దారి ఆలోచించుకునే వెళ్లాడు. ఒక సీసా ఫ్రిజ్‌లో ఉంచుదాం, పరీక్ష చేసి కలిసినవాళ్లని ఇద్దరిని బయట బెంచీ మీద కూర్చోబెడదాం, కావాలంటే అప్పటికప్పుడు తీస్తాను, అక్కర్లేకపోతే వాళ్ల రక్తం వాళ్ల ఒంట్లోనే నిలవుంటుంది, అన్నాడట. రెండు రోజులు ఆవిడ ఔనూ కాదూ అనలేదు. మూడో రోజు రౌండ్స్‌కి వచ్చి, నా కనురెప్ప కిందకి లాగి చూసి, సీసా నా కళ్ల ముందుండాలి, మనుషులు నా గుమ్మం ముందుండాలి, అని చెప్పి వెళ్లింది. అలా చెప్పిందంటే తేదీ ఇచ్చినట్టే.

బెంచీ మీద కూర్చోవడానికి మొదట ఒప్పుకున్నది పాస్టరుగారి భార్య, సంఘంలో అందరం అమ్మగారు అని పిలిచే ఆవిడ. పండగ రోజు పులుసు దగ్గర ఉండిపోయాను గాని నన్ను అడిగితే రానా అంది. ఇక సీసా కావాలి. ఆ సీసా ఇవ్వగలిగిన మనిషి ఒక్కరే మిగిలారు, మావారు. అత్తయ్య అడ్డం తిరిగింది.

ఒంట్లో బలం పోతుందని భయపడుతోందనే అనుకున్నాను ఇన్నాళ్లూ. అది కాదట.

“మొగుడి రక్తం పెళ్లాం ఒంట్లోకి ఎక్కిస్తే ఇద్దరిదీ ఒకే రక్తం అవదటే?” అంది గొంతు తగ్గించి. “ఒకే రక్తం పంచుకున్నోళ్లని ఏమంటారు? అన్నాచెల్లెళ్లంటారు. రేపు నా కొడుకు నిన్ను ఇంటికి తీసుకెళ్లి ఏమని పిలవాలే?”

పక్క మంచం ముసలావిడ, అదీ నిజమేనమ్మా అంది.  పెళ్లినాడు పాస్టరుగారు మీ ఇద్దరూ ఇక ఒకటే అన్నారు కదత్తయ్యా, అన్నాను. ఆయన చెప్తాడు, ఆయనకేం, అంది. పాస్టరుగారే వచ్చి నచ్చజెప్పినా వినలేదు. ఆయనతో వాదించలేదు గాని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆవిడ మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఆ రాత్రి ప్రార్థన కూడా మానేశాను. తేదీ ఇచ్చినావిడ ఇచ్చింది, ఇచ్చే మనిషి ఇస్తానంటున్నారు, మధ్యలో నా పక్కనే చాప మీద పడుకున్న మనిషి తలుపు వేసి కూర్చుంది. ఆవిడే తెల్లవారుజామున లేచి నాకు పళ్లు తోముకునే నీళ్లు పెట్టింది, జడ వేసింది. అంతగా చాకిరీ చేసే మనిషితో తగువెలా పడతాం.

కుర్ర డాక్టరు సంగతి తెలుసుకుని వచ్చి ఆవిడ చాప మీదే బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

“ఎక్కించిన రక్తం ఎల్లకాలం ఉండదు పెద్దమ్మగారూ. మూడు నాలుగు నెలల్లో అరిగిపోతుంది. ఆ తర్వాత ఈవిడ ఒంట్లో ఉండేదంతా ఈవిడ సొంత రక్తమే. మీ అబ్బాయిది చుక్క కూడా ఉండదు.”

అత్తయ్య ఆలోచించింది.

“అంటే మూణ్ణాలుగు నెలలు అన్నాచెల్లెళ్లు. తర్వాత మళ్లీ మొగుడూ పెళ్లాలు. అంతేనా?”

“అలాగే అనుకోండి.”

“ఆ నాలుగు నెలలూ ఇది నా దగ్గర ఊళ్లో ఉంటుంది. నా కొడుకు గోడౌన్‌లో పడుకుంటాడు. ఇష్టమైతే తీసుకోండి రక్తం.”

మావారు ఆ మర్నాడే ఇచ్చారు. గుడ్డు తిననన్నారట, సిగ్గుపడి. ఇంకో సంగతేమిటంటే, బెంచీ మీదకి రెండో మనిషి దొరక్క వెతుకుతుంటే, నన్ను పరీక్ష చెయ్యకూడదా ఏం అని అత్తయ్యే చెయ్యి చాపింది. కలిసింది. అత్త రక్తం కోడలికి ఎక్కితే పర్వాలేదా అని ఆయా ఆటపట్టించింది. ఎక్కితే కూతురవుతుంది, అంతకంటే ఏం కావాలి, నా మాట వింటుంది, అంది.

ఆ రోజు ఉదయం నన్ను చక్రాల బల్ల మీద తోసుకెళ్తుంటే, గుమ్మం పక్కన బెంచీ మీద ఇద్దరూ కనిపించారు. అమ్మగారు కళ్లు మూసుకుని ప్రార్థిస్తోంది. అత్తయ్య కుడిచేతి జాకెట్టు మోచెయ్యి పైకి మడిచి, ఇప్పుడే తీసుకోండి అన్నట్టు చాపి కూర్చుంది. ఆ చెయ్యి చూస్తూ లోపలికి వెళ్లాను. అన్ని వారాల్లో నాకు భయం వేసింది అప్పుడే. మంచం మీద ఉన్నన్నాళ్లూ బయటపడాలని తప్ప ఇంకో ఆలోచన లేదు. తీరా తలుపు తెరుచుకునేసరికి, ఆ ఎక్కడో ఒకరు నేనేమో అనిపించింది. వందనాలు చెప్పుకోవడం మొదలుపెట్టాను. కిటికీ, కాలవ, లాంతరు, కమలాపళ్లు దగ్గరికి వచ్చేసరికి మత్తు పట్టింది.

మెలకువ వచ్చేసరికి మంచం పక్కన ఇనపకడ్డీకి ఉప్పునీళ్ల సీసా ఒక్కటే వేలాడుతోంది. ఎర్రటిది లేదు.

గడ్డలతో సహా గర్భసంచి సులువుగా వచ్చేసిందట. పోయిన రక్తం కొంచెమేనట. నాకు ఒక్క సీసా కూడా అక్కర్లేకపోయింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుని బయటికొచ్చి, ఇక వెళ్లండమ్మా అని బెంచీ మీద వాళ్లతో చెప్తే, అమ్మగారు దేవునికి స్తోత్రం అని లేచింది. అత్తయ్య లేవలేదట. తెల్లారి పెరుగన్నం తిని వచ్చాను, నా రక్తానికేం తక్కువైంది, అని అడిగిందట. చాపిన చెయ్యి దించడానికి చాలాసేపు పట్టిందని అమ్మగారు తర్వాత నవ్వుతూ చెప్పింది.

మావారి సీసా మాత్రం ఫ్రిజ్‌లోనే ఉండిపోలేదు. ఆ సాయంత్రమే కొండపల్లి నుంచి ఒకమ్మాయిని జీపులో తెచ్చారు. ఆ పక్కన కడుతున్న కరెంటు స్టేషన్‌లో మట్టిపని చేసే పిల్ల. కడుపు పోయి ఒళ్లంతా తెల్లబడిపోయి ఉంది. అదే గ్రూపు. కుర్ర డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చి మావారిని అడిగాడు. ఆయన నా వైపు కూడా చూడకుండా తలూపేశారు.

మర్నాడు ఆ పిల్లని మా వార్డులోకే, రెండు సీసాలావిడ ఖాళీ చేసిన మంచం మీదకి మార్చారు. అత్తయ్య దూరం నుంచి చూస్తూ కూర్చుంది. నేను ఆవిడనే చూస్తున్నాను. లోపల లెక్క కడుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

“అయితే అత్తయ్యా, నేను నాలుగు నెలలు ఊరికి రానక్కర్లేదేమో,” అన్నాను మెల్లగా.

“ఎందుకొస్తావ్. నీ ఒంట్లో ఏముందని. పిల్లని తీసుకుని నీ ఇంటికి నువ్వు పో.” ఇంకాసేపు అటే చూసింది. “ఆ పిల్లకెవరూ లేనట్టున్నారే. మొగుడు పనిలోకి పోయాడంట.”

“ఊఁ.”

“మనోడి రక్తం ఎక్కాక అది మనోడికి చెల్లెలే గదా.”

అని లేచి, నాకోసం తెచ్చిన గంజి గ్లాసు తీసుకుని అటు వెళ్లింది. ఆ అమ్మాయి తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో పోసింది. మేం వెళ్లిపోయే రోజు మావారి చేత గోడౌన్ నుంచి ఒక రవికగుడ్డ తెప్పించి, దాని మీద రెండు అరటిపళ్లు పెట్టి, పుట్టింటివాళ్లు ఆడపిల్లకి పెట్టినట్టు ఆ పిల్ల ఒళ్లో పెట్టింది. మా ఇంట్లో బొట్టు ఉండదు కాబట్టి ఆయాని అడిగి పెట్టించింది. ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. తీసుకుని కళ్లకద్దుకుంది.

కుర్ర డాక్టరు ఆ బెజ్జాల అట్టముక్క ఒకటి నాకిచ్చాడు. నా ప్రార్థన పుస్తకంలో గుర్తుకి ఇప్పటికీ అదే పెట్టుకుంటాను. డప్పు పెద్దాయనతో మాత్రం పూర్వంలా కలవలేదు. గుడిలో కనిపిస్తే బాగున్నావా అమ్మాయ్ అని పలకరించేవాడు గాని, ఇంకే మాటా అడిగేవాడు కాదు.

అత్తయ్య ఆ వేసవంతా కొండపల్లి బస్సెక్కుతూనే ఉంది. ఒకసారి పచ్చడి జాడీతో, ఒకసారి పాత చీరలతో. రక్తం అరిగిపోయే గడువు వానల్లో ఎప్పుడో దాటిపోయింది. ఆ సంగతి ఆవిడకి గుర్తు చెయ్యడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.